ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నారు? లుక్రీషియా మోట్, శారా డగ్లస్, బానిసత్వ వ్యతిరేక ఉద్యమం

జోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి' అచ్చు వేసినప్పుడు దాన్ని అమెరికా సంయుక్త రాష్ట్రాల మంచి మనుషులకు అంకితం చేశాడు. నీగ్రో బానిసల విడుదల కోసం వాళ్ళు చేసిన త్యాగాన్ని మెచ్చుకున్నాడు. శూద్రులను బ్రాహ్మణ దాస్యం నుంచి విడిపించడానికి తన దేశంవాళ్ళు దాన్ని ఆదర్శంగా తీసుకోవాలని ఆశపడ్డాడు. ఆ అంకితం సంగతి మన సభల్లో తరచూ చెప్పుకుంటాం. కానీ ఆ మంచి మనుషులు ఎవరు? వాళ్ళ మంచితనం ఎందాకా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది? ఈ ప్రశ్నలు మనం పెద్దగా అడగలేదు. బానిసత్వం రద్దు అనగానే లింకన్ పేరు చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు.

ఈ వ్యాసంలో మేము ఇద్దరు ఆడవాళ్ళ గురించి రాస్తున్నాం. ఇద్దరిదీ ఫిలడెల్ఫియా. ఇద్దరూ క్వేకర్ పద్ధతిలో బతికినవాళ్ళే. ఒకే సంఘంలో దశాబ్దాల పాటు పనిచేశారు. ఒకరు లుక్రీషియా మోట్, తెల్లజాతి స్త్రీ. ప్రార్థన మందిరంలో జనానికి ఎదురుగా, బోధకులకూ పెద్దలకూ వేసిన ఎత్తు బెంచీ మీద కూర్చునే హోదా ఆమెది. రెండోవారు శారా మాప్స్ డగ్లస్, నల్లజాతి స్త్రీ. ఆమెకూ ప్రార్థన మందిరంలో ఒక బెంచీ ఉంది. అది నల్లవాళ్ళ కోసం విడిగా వేసిన బెంచీ. మొదటామె చరిత్ర చాలాచోట్ల దొరుకుతుంది. రెండోఆమెను పక్కన పెట్టుకోకుండా ఆ చరిత్ర చదివితే సగమే చదివినట్టు అని మా అభిప్రాయం.

వెలుగూ వెలీ

క్వేకర్లు 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో పుట్టిన క్రైస్తవ శాఖ. వాళ్ళు తమను మిత్రుల సమాజం అని పిలుచుకుంటారు. ప్రతి మనిషి లోపలా దేవుని వెలుగు ఉందనేది వాళ్ళ నమ్మకం. మోట్ ఎరిగిన క్వేకర్ ప్రార్థనలో జీతగాడైన పాస్టరు లేడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికి లోపల్నుంచి మాట వస్తే వాళ్ళు లేచి మాట్లాడతారు, ఆడదైనా సరే. మిగతా చర్చీలు ఆడదాని నోరు మూయించిన కాలంలో క్వేకర్ ఆడవాళ్ళు వందల మంది ముందు బోధన చేశారు. అమెరికాలో తొలితరం స్త్రీ హక్కుల నాయకుల్లో ఇంతమంది క్వేకర్లు ఉండడానికి ఇదొక కారణం. సభలో లేచి మాట్లాడే అలవాటు వాళ్ళకు గుడిలోనే అబ్బింది.

అయితే ఆ వెలుగు నల్లమనిషిలో కూడా ఉందని ఒప్పుకోవడానికి ఈ సమాజానికి చాలా కాలం పట్టింది. పెన్సిల్వేనియాను స్థాపించిన క్వేకర్ విలియం పెన్‌కు స్వయంగా బానిసలున్నారు. 1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు మనుషులు బానిసత్వం తప్పని రాసి సంతకాలు పెట్టి పంపితే, పై సమాజాలు ఆ కాగితాన్ని పక్కన పడేశాయి. బానిస యజమానులైన సాటి క్వేకర్లను ముఖం మీదే నిలదీసిన బెంజమిన్ లేను 1738లో వెలివేశారు. 1758లో గానీ బానిసల కొనుగోలు, అమ్మకాలు చేసేవాళ్ళ మీద ఫిలడెల్ఫియా సమాజం చర్యలకు దిగలేదు. బానిసలు ఉన్నవాళ్ళకు సభ్యత్వం లేదని తేల్చింది 1776లో. మొదటి గొంతు లేచిన ఏడుకూ సమాజం ఒప్పుకున్న ఏడుకూ మధ్య 88 ఏళ్ళు. ఆ తర్వాత వాళ్ళు తమ చేతులు కడిగేసుకున్నామనుకున్నారు. బానిసను వదిలారు గానీ బానిస పండించిన పత్తితో వ్యాపారం వదల్లేదు. నల్లమనిషిని పక్కన కూర్చోబెట్టుకోనూ లేదు.

లుక్రీషియా మోట్

లుక్రీషియా కాఫిన్ 1793 జనవరి 3న మసాచుసెట్స్ రాష్ట్రంలోని నాంటకెట్ దీవిలో పుట్టింది. తండ్రి ఓడ కెప్టెను. దీవిలో మగవాళ్ళు నెలల తరబడి, ఏళ్ళ తరబడి సముద్రం మీద ఉండేవాళ్ళు. ఇల్లూ అంగడీ లెక్కాడొక్కా ఆడవాళ్ళే చూసుకునేవాళ్ళు. ఆమె తల్లి కూడా అంగడి నడిపింది. ఆడదానికి వ్యవహారం తెలియదనే మాట ఆ పిల్ల చిన్నప్పుడు విన్నా నమ్మి ఉండదు.

13వ ఏట ఆమెను న్యూయార్క్ రాష్ట్రంలో క్వేకర్ల నైన్ పార్ట్‌నర్స్ బడికి పంపారు. బానిస ఓడల ఘోరాల గురించి అక్కడే చదివింది. తర్వాత అక్కడే పాఠాలు చెప్పింది. మగ టీచర్లకిచ్చే జీతంలో సగమే ఆడ టీచర్లకు ఇస్తున్నారని కూడా అక్కడే తెలిసింది. చదువుకు ఇద్దరికీ ఒకే ఫీజు, పనికి మాత్రం వేరు వేరు కూలి. తన స్త్రీ హక్కుల ఆలోచనకు మొదలు ఇదేనని తర్వాత ఆమే చెప్పుకుంది. ఆ బడిలోనే టీచరుగా ఉన్న జేమ్స్ మోట్‌ను 1811లో ఫిలడెల్ఫియాలో పెళ్ళి చేసుకుంది. ఆరుగురు పిల్లలు పుట్టారు, ఒక కొడుకు పసితనంలోనే పోయాడు. 1821లో సమాజం ఆమెను బోధకురాలిగా గుర్తించింది.

1827లో క్వేకర్లు రెండుగా చీలారు. బోధకుడు ఎలియాస్ హిక్స్‌ను అనుసరించినవాళ్ళు ఒక వైపు, ఆర్థడాక్స్ పెద్దలు ఇంకోవైపు. మోట్ దంపతులు హిక్స్ వైపు వెళ్ళారు. బానిసలు పండించిన పత్తి, పంచదార, బియ్యం దొంగసొత్తేనని, వాటిని ముట్టకూడదని హిక్స్ చెప్పేవాడు. లుక్రీషియా దాన్ని వంటింట్లో అమలు చేసింది. బానిస శ్రమ లేని సరుకు ఖరీదు ఎక్కువ, నాణ్యత తక్కువ. అయినా పట్టు వదల్లేదు. జేమ్స్‌ది పత్తి వ్యాపారం. బాగా సాగుతున్న ఆ వ్యాపారాన్ని అతను 1830 ప్రాంతంలో వదిలేసి ఉన్ని వ్యాపారంలోకి మారాడు. ఈ బహిష్కరణ దక్షిణాది తోటల యజమానులను పెద్దగా కదిలించలేదన్నది నిజం. కానీ అన్యాయం మీద ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు ఆ అన్యాయం తమ ఇంట్లోకి ఏ రూపంలో వస్తున్నదో వెతకాలనే పద్ధతి అక్కడ ఉంది. మేము విలువ ఇచ్చేది దానికి.

1833 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో అమెరికన్ బానిసత్వ వ్యతిరేక సంఘం పుట్టింది. సభకు మోట్ వెళ్ళింది, మాట్లాడింది, ప్రకటనలో మాటల మార్పులు కూడా సూచించింది. సంతకాల దగ్గరకు వచ్చేసరికి ఆడవాళ్ళను పిలవలేదు. పిలవాలనే ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. కొద్దిరోజులకే ఆడవాళ్ళు విడిగా ఫిలడెల్ఫియా మహిళా బానిసత్వ వ్యతిరేక సంఘం పెట్టుకున్నారు. అప్పటికి సభకు అధ్యక్షత వహించడం ఎట్లాగో వాళ్ళలో ఎవరికీ తెలియదు. అందుకని జేమ్స్ మెక్‌క్రమిల్ అనే నల్లజాతి నాయకుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళనూ నల్లవాళ్ళనూ లోకం ఒకే గాట కట్టిన రోజులవని మోట్ తర్వాత గుర్తు చేసుకుంది.

ఈ సంఘంలో మొదటినుంచీ నల్లజాతి ఆడవాళ్ళున్నారు. షార్లెట్ ఫోర్టెన్, ఆమె కూతుళ్ళు మార్గరెట్టా, శారా, హారియెట్. గ్రేస్ డగ్లస్, ఆమె కూతురు శారా. వాళ్ళు అతిథులుగా రాలేదు. సంఘం కట్టినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. చాలా ఊళ్ళలో మహిళా సంఘాలు నల్లవాళ్ళను చేర్చుకోవాలా వద్దా అని తగాదా పడుతున్న కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

విడి బెంచీ

శారా మాప్స్ డగ్లస్ 1806లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. తల్లి తండ్రి సైరస్ బస్టిల్ బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, రొట్టెలు కాల్చి అమ్మి నిలదొక్కుకున్నవాడు, క్వేకర్ ప్రార్థనలకు వెళ్ళినవాడు. తల్లి గ్రేస్ జీవితాంతం క్వేకర్ల మాదిరిగానే సాదా బట్టలు కట్టింది, వాళ్ళ భాషే మాట్లాడింది. అయినా సభ్యత్వం దొరకలేదు. అడగవద్దనే సలహాలే దొరికాయి.

తల్లీకూతుళ్ళు వెళ్ళింది ఆర్థడాక్స్ వాళ్ళ ఆర్చ్ స్ట్రీట్ మందిరానికి. అక్కడ నల్లవాళ్ళకు ఒక బెంచీ వేరుగా ఉండేది. తెల్లవాళ్ళెవరైనా తెలియక అటు వస్తే అది నల్లవాళ్ళ బెంచీ అని చెప్పి ఆపడానికి ఇరుపక్కలా మనుషులు ఉండేవాళ్ళని శారా రాసింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ మాట ఎన్నిసార్లు చెవిన పడిందో కూడా రాసింది. కొన్నేళ్ళకు ఆమె ఆ మందిరానికి వెళ్ళడం మానేసింది. తల్లి మాత్రం వారానికొకసారి వెళ్ళేది. చాలాసార్లు ఆ పొడుగాటి బెంచీ అంతటికీ ఆమె ఒక్కతే.

న్యూయార్క్‌లో ఒకసారి శారా ప్రార్థనకు వెళ్తే ఒక క్వేకర్ స్త్రీ దగ్గరకు వచ్చి, ఇళ్ళు శుభ్రం చేసే పనికి పోతావా అని అడిగింది. శారా అప్పటికే బడి నడిపిన పంతులమ్మ. పత్రికలో వ్యాసాలు రాసిన మనిషి. కళ్ళనీళ్ళ మధ్య కాదని చెప్పింది. ఈ దృశ్యం మాకు అనువాదం అక్కర్లేనిది. చదువుకున్న మన ఆడపిల్లలు ఎందరో ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్న ప్రశ్న ఇది.

ఆర్చ్ స్ట్రీట్ మందిరంలోనే దక్షిణ కరోలినా నుంచి వచ్చిన శారా గ్రిమ్కే, ఆంజెలీనా గ్రిమ్కే అనే అక్కచెల్లెళ్ళు సభ్యులు. బానిసలున్న పెద్ద కుటుంబంలో పుట్టి, ఆ ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు. వాళ్ళు వెళ్ళి ఆ విడి బెంచీ మీద గ్రేస్ డగ్లస్ పక్కన కూర్చున్నారు. పెద్దలు మందలించారు. వాళ్ళు లేవలేదు. శారా డగ్లస్ అనుభవాలను రాయమని అడిగింది కూడా గ్రిమ్కేలూ వాళ్ళ మిత్రులే. అట్లా రాసిన సంగతులు 1840లో ఇంగ్లండులో అచ్చయిన ఒక చిన్న పుస్తకంలోకి చేరాయి. క్వేకర్ల పేరు అక్కడ చాలా గొప్పది. బెంచీ సంగతి బయటపడడం వాళ్ళకు గుచ్చుకుంది.

బానిసత్వం వద్దనడానికి తీర్మానం చాలు. బెంచీ తీసెయ్యడానికి పక్కన కూర్చునే మనిషి కావాలి. ఈ రెండూ వేర్వేరు పనులని శారా డగ్లస్ ఉత్తరాలు చూపిస్తాయి.

తగలబడ్డ హాలు

ఈ విషయం 1838 మే నెలలో వీధిలో తేలింది. సభలకు ఎవరూ చోటు ఇవ్వడం లేదని బానిసత్వ వ్యతిరేకులు చందాలు వేసుకుని ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా హాలు కట్టారు. మే 14న ప్రారంభం. అందులో అమెరికన్ మహిళల బానిసత్వ వ్యతిరేక మహాసభ జరిగింది. నల్లా తెల్లా ఆడవాళ్ళు కలిసి కూర్చున్నారు, కలిసి వీధిలో నడిచారు. ఊళ్ళో గుంపులను రెచ్చగొట్టింది ప్రధానంగా ఇదే. 16వ తేదీ రాత్రి ఆంజెలీనా గ్రిమ్కే మాట్లాడుతుంటే కిటికీల మీద రాళ్ళు పడ్డాయి. మర్నాడు, నల్లజాతి ఆడవాళ్ళు రాత్రి సభకు రాకుండా ఉంటే మంచిదని మేయరు కబురు పంపాడు. మోట్ ఆ కబురు సభకు వినిపించి, తనకది సమ్మతం కాదని చెప్పింది. సభ చాలించి బయటికి వచ్చేటప్పుడు ఒక్కొక్క నల్లజాతి స్త్రీ చేయి ఒక్కొక్క తెల్లజాతి స్త్రీ పట్టుకుని గుంపుల మధ్యగా నడిచారు. ఆ రాత్రి హాలు కాలిపోయింది. మంటలార్పేవాళ్ళు చుట్టుపక్కల ఇళ్ళు కాపాడారు, హాలు జోలికి పోలేదు. కట్టి తలుపులు తెరిచి నాలుగు రోజులే. గుంపు మోట్ ఇంటి వైపు కూడా బయలుదేరితే దారి తప్పించినవాడొకడు ఉండబట్టి ఆ ఇల్లు దక్కింది. మర్నాడు నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమం మీద దాడి జరిగింది. దాడి ఎవరి పేరున మొదలైనా చివరికి దెబ్బ ఎవరి మీద పడుతుందో చూడండి.

మహిళలు మాత్రం మర్నాడు ఒక బడి గదిలో కలిసి సభ పూర్తి చేశారు. ప్రార్థనలో నల్లవాళ్ళ పక్కన కూర్చోవడం, వీధిలో కలిసి నడవడం, బండ్లలో పడవల్లో కలిసి వెళ్ళడం, ఇళ్ళకు రాకపోకలు పెట్టుకోవడం బానిసత్వ వ్యతిరేకుల బాధ్యత అని శారా గ్రిమ్కే తెచ్చిన తీర్మానాన్ని ఆ మహాసభ ఆమోదించింది. ఉద్యమంలోని పెద్దమనుషులకే ఇది మింగుడు పడలేదు. తీర్మానాన్ని రికార్డుల్లోంచి కొట్టెయ్యమని మోట్ మీద ఒత్తిడి తెచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. మర్నాటి ఏడు, 1839లో, కొత్త మేయరు వచ్చి మహాసభ సమయంలో నల్లవాళ్ళతో కలిసి వీధిలో నడవవద్దని ఆమెను అడిగాడు. అది తనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటని, మానేది లేదని ఆమె చెప్పి పంపింది.

తన సమాజంలోనూ ఆమెకు ఇబ్బంది తప్పలేదు. హిక్స్ వైపు క్వేకర్లు కూడా లోకపు గొడవలు మనకెందుకనే ధోరణిలో పడ్డారు. న్యూయార్క్ సమాజం 1841లో ఐజాక్ హాపర్ లాంటి పాత ఉద్యమకారుణ్ణి సైతం వెలివేసింది. మోట్‌ను వెలి వెయ్యాలని చూసినవాళ్ళున్నారు. ఆమె సమాజపు కట్టుబాట్ల అక్షరం తప్పకుండా, మాట మాత్రం తగ్గించకుండా నిలబడింది. బయటికి పోయి తిట్టడం కన్నా లోపల ఉండి పోరాడడం ఆమె ఎంచుకున్న దారి. ఆ దారి ఆమెకు దొరికింది ఆమె లోపలి మనిషి కావడం వల్ల. గ్రేస్ డగ్లస్‌ను అసలు లోపలికే రానివ్వలేదు గదా.

లండన్, సెనెకా ఫాల్స్

1840 జూన్‌లో లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ జరిగింది. మోట్ ప్రతినిధిగా వెళ్ళింది. మొదటిరోజంతా చర్చ పెట్టి ఆడవాళ్ళను ప్రతినిధులుగా ఒప్పుకోం పొమ్మన్నారు. వాళ్ళు అడ్డకమ్మీ వెనక కూర్చుని వినవలసి వచ్చింది. ఆలస్యంగా వచ్చిన విలియం లాయిడ్ గారిసన్, నల్లజాతి ప్రతినిధి చార్లెస్ రెమండ్ ఇది అన్యాయమని తామూ సభలోకి వెళ్ళకుండా పక్కనే ఉండిపోయారు. ఆ సభను బొమ్మగా గీసిన హేడన్ అనే చిత్రకారుడి డైరీలో ఒక ముచ్చట ఉంది. జమైకాలో బానిసత్వం నుంచి విడుదలైన హెన్రీ బెక్‌ఫర్డ్ పక్కన మిమ్మల్ని గీస్తానని పెద్దలను ఒక్కొక్కరినీ అడిగి చూశాడట. నీళ్ళు నమిలినవాళ్ళున్నారు. గారిసన్ వెంటనే సరేనన్నాడు. బొమ్మలో కూడా బెంచీ ప్రశ్నే! అదే చిత్రకారుడు మోట్‌కు ఇవ్వాలనుకున్న ముఖ్యమైన చోటును, ఆమె మతాభిప్రాయాలు నచ్చక ఇంకొకరికి ఇచ్చేశాడు.

లండన్‌లోనే మోట్‌కు కొత్తగా పెళ్ళైన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ పరిచయమైంది. ఎనిమిదేళ్ళ తర్వాత, 1848 జూలై 19, 20 తేదీల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీ హక్కుల సభకు ఆ పరిచయమే నాంది. సభ తలపెట్టిన అయిదుగురిలో స్టాంటన్ తప్ప మిగతావాళ్ళంతా క్వేకర్ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. సుమారు 300 మంది వచ్చారు. ప్రకటన మీద 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకాలు చేశారు. ఓటు హక్కు అడిగితే నవ్వులపాలవుతామని మోట్ మొదట జంకింది. ఆ తీర్మానాన్ని గట్టిగా బలపరిచి నెగ్గించింది బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్.

ఆ సభలో నల్లజాతి మనిషి ఆయన ఒక్కడే. నల్లజాతి స్త్రీ ఒక్కరు కూడా హాజరైన దాఖలా లేదు. 15 ఏళ్ళుగా మోట్‌తో కలిసి పనిచేసిన డగ్లస్, ఫోర్టెన్ కుటుంబాల ఆడవాళ్ళ పేర్లు అక్కడ కనపడవు. ప్రకటనలో బానిస స్త్రీ ప్రస్తావన లేదు. పైగా తమకు లేని హక్కులు అజ్ఞానులైన, దిగజారిన మగవాళ్ళకు ఉన్నాయనే ఫిర్యాదు ఉంది. ఫిలడెల్ఫియాలో ఒకే సంఘంగా మొదలైన రెండు పోరాటాలు ఇక్కడ విడివడడం మొదలైందని మేము అనుకుంటాం.

మోట్ మాత్రం రెండోదాన్ని వదల్లేదు. 1855లో జేన్ జాన్సన్ అనే బానిస స్త్రీ ఫిలడెల్ఫియాలో తన యజమాని దగ్గర్నుంచి ఇద్దరు కొడుకులతో బయటపడింది. ఆమెను బలవంతంగా ఎత్తుకుపోయారని యజమాని కేసు పెడితే, పట్టుబడే ప్రమాదం ఉన్నా జేన్ స్వయంగా కోర్టుకు వచ్చి, తన ఇష్టంతోనే వచ్చేశానని సాక్ష్యం చెప్పింది. కోర్టులో ఆమె పక్కన కూర్చున్నది మోట్. తర్వాత తన ఇంట్లో తలదాచింది. ఆ రోజు ధైర్యం జేన్‌ది. మోట్ చేసింది పక్కన కూర్చోవడం. ఆ పని కూడా అప్పట్లో చాలామంది చెయ్యలేదు.

ముందు ఓటు ఎవరికి?

అంతర్యుద్ధం ముగిసి, 1865లో బానిసత్వం రద్దయింది. 1866లో నల్లవాళ్ళకూ స్త్రీలకూ కలిపి హక్కులు అడగడానికి అమెరికన్ సమాన హక్కుల సంఘం ఏర్పడింది. మోట్ దానికి అధ్యక్షురాలు. ఆ ఏడు జరిగిన సభలో నల్లజాతి కవయిత్రి ఫ్రాన్సెస్ హార్పర్, ట్రాం బండిలో నల్లజాతి స్త్రీకి జరిగే అవమానాన్ని తెల్ల ఆడవాళ్ళ ముందు పెట్టింది. అప్పటికి ఫిలడెల్ఫియా ట్రాం బండ్లలో నల్లవాళ్ళను కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. 1867లో చట్టం వచ్చాక గానీ అది మారలేదు.

కొద్ది రోజుల్లోనే తగాదా వచ్చింది. నల్లజాతి మగవాడికి ఓటిచ్చే 15వ సవరణను సమర్థించాలా? స్త్రీకి ఇవ్వనిది ఎవరికీ వద్దనాలా? స్టాంటన్ నల్లవాళ్ళనూ వలసవాళ్ళనూ కించపరిచే మాటలకు దిగింది. ఫ్రెడరిక్ డగ్లస్, హార్పర్ సవరణ వైపు నిలబడ్డారు. దక్షిణాదిలో నల్లవాళ్ళకు ఓటు ప్రాణం కాపాడుకునే సాధనమని వాళ్ళ వాదం. హారియెట్ ఫోర్టెన్ భర్త రాబర్ట్ పర్విస్ నల్లజాతివాడై ఉండి కూడా, తన కూతురికి లేని ఓటు కొడుక్కి అక్కర్లేదన్నాడు. అంటే ఈ తగాదా నల్లా తెల్లాగా తేలిగ్గా విడిపోయేది కాదు.

మరి మోట్? ఆమె స్టాంటన్‌లాగా దిగజారలేదు. అయితే 1867 సభలో ఆమె కూడా, ఇంతమంది మగవాళ్ళు కొత్తగా ఓటర్లైతే స్త్రీలకు కాస్త అసూయ కలగడం సహజమని, నల్లజాతి మగవాళ్ళు స్త్రీ ఓటుకు వ్యతిరేకంగా నిలుస్తారని అనుమానపడింది. జీవితమంతా ఆ బెంచీ పక్కన నిలబడ్డ మనిషి నోట ఈ మాట వచ్చింది. దీన్ని దాచి ఆమెను దేవతను చెయ్యడం మా పని కాదు. ఈ ఒక్క మాట పట్టుకుని 40 ఏళ్ళ పని కొట్టెయ్యడమూ మా పని కాదు. 1869లో సంఘం చీలి రెండు స్త్రీ ఓటు హక్కు సంఘాలయ్యాయి. వాళ్ళను కలపాలని ముసలితనంలో ఆమె చేసిన ప్రయత్నం ఫలించలేదు. 1870లో 15వ సవరణ అమల్లోకి వచ్చింది. 1833లో పుట్టిన ఫిలడెల్ఫియా మహిళా సంఘం పని పూర్తయిందని ఆ ఏడే మూసేశారు. మోట్ 1880 నవంబరు 11న చనిపోయింది. ఫెయిర్ హిల్‌లో ఆమె సమాధి ఉన్న క్వేకర్ శ్మశానంలోనే రాబర్ట్, హారియెట్ పర్విస్‌లు కూడా ఉన్నారు.

శారా డగ్లస్ పని పూర్తి కాలేదు. ఆమె 1853 నుంచి 1877 వరకు ఫిలడెల్ఫియాలో నల్లజాతి పిల్లల విద్యాసంస్థలో పాఠాలు చెప్పింది. ఆ సంస్థ క్వేకర్ల డబ్బుతో నడిచేదే. మహిళా వైద్య కళాశాలలో చదివి, నల్లజాతి ఆడవాళ్ళను కూర్చోబెట్టి శరీరం గురించి, ఆరోగ్యం గురించి చెప్పింది. ఆడదాని ఒంటి గురించి ఆడవాళ్ళ మధ్య కూడా నోరు విప్పని కాలం అది. 1882లో చనిపోయింది. ఓటు హక్కు చరిత్రలు ఆమెకు పెద్దగా చోటివ్వలేదు. 1920లో స్త్రీలకు ఓటు వచ్చినా దక్షిణాది నల్లజాతి స్త్రీల చేతికి అది నిజంగా అందడానికి 1965 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. వెనక బెంచీ అంత తొందరగా పోలేదు.

ఫూలే అంకితం దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయన మెచ్చిన మంచి మనుషుల్లో లుక్రీషియా మోట్ తప్పకుండా ఉంటుంది. ఆ జాబితాలో గ్రేస్ డగ్లస్, శారా డగ్లస్, జేన్ జాన్సన్ పేర్లు కూడా రాయాలని మేము కోరుతున్నాం. విడుదల ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బెంచీ మీద ఒంటరిగా కూర్చుని కూడా రావడం మానని తల్లి, ఆ సంగతి కాగితం మీద పెట్టిన కూతురు, కోర్టుకు నడిచి వచ్చిన బానిస స్త్రీ దాన్ని ముందుకు తోశారు.

రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మనకు ఆర్చ్ స్ట్రీట్ బెంచీ కొత్తేమీ కాదు. 1990లలో తెలుగునాట దళిత స్త్రీలు స్త్రీవాదులను అడిగినదీ ఈ ప్రశ్నే. మాకు తీర్మానాలతో పేచీ లేదు. తీర్మానం మీద సంతకం చేసినవాళ్ళు సభ అయిపోయాక ఎవరి పక్కన కూర్చుంటున్నారో మాత్రం మేము చూస్తూనే ఉంటాం. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ చరిత్రను క్లాసులో చెప్పేటప్పుడు ముందు సెనెకా ఫాల్స్ ప్రకటన చెప్పండి. దాని పక్కనే శారా డగ్లస్ బెంచీ సంగతి కూడా చెప్పండి.